బటన్లకూ యాస ఉంటుంది

విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో ఏ హోల్‌సేల్ కొట్టులోనైనా బిల్లు కొట్టే గుమస్తాను ఓ పది నిమిషాలు గమనిస్తే ఒక సంగతి అర్థమవుతుంది. ఆయన స్క్రీన్ వైపు చూసేది తక్కువ. కళ్ళు సరుకుల చీటీ మీద ఉంటాయి. కుడిచెయ్యి నంబర్ ప్యాడ్ మీద, ఎడమచెయ్యి ట్యాబ్ దగ్గర ఉంటాయి. సరుకు పేరులో మొదటి అక్షరం కొట్టగానే లిస్టు ఆ పేరు దగ్గరికి జరగాలి. ఎఫ్4 నొక్కితే లిస్టు తెరుచుకోవాలి, ఎస్కేప్ నొక్కితే మూసుకోవాలి. మౌస్ ముట్టుకోవాల్సి వచ్చిందంటే పని ఆగినట్టే. ఈ అలవాట్లు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు నేర్పినవి కావు. విండోస్‌లో లిస్టు పెట్టెలు ఏళ్ళ తరబడి ఇలాగే నడుస్తున్నాయి కాబట్టి చేతికి పట్టేశాయి.

అదే సాఫ్ట్‌వేర్‌ను ఏదో కొత్త టూల్‌కిట్‌లో, అంటే బటన్లు, పెట్టెలు తయారుచేసిపెట్టే రెడీమేడ్ కోడ్‌లో, మళ్ళీ రాశారనుకుందాం. రంగులు అవే, బటన్లు అవే, లిస్టు పెట్టె కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది. కానీ ఎఫ్4 నొక్కితే ఏమీ జరగదు. అక్షరం కొడితే లిస్టు కదలదు. తప్పు ఎక్కడుందో గుమస్తా విడమరిచి చెప్పలేడు. "పాతదే బాగుండేది" అంటాడు, అంతే. ఆ మాట విన్న డెవలపర్‌కి ఆయన కొత్తదనం గిట్టని మనిషిలా కనిపిస్తాడు. నిజానికి ఆయన పట్టుకున్నది చాలా కచ్చితమైన లోపాన్ని.

ఒకే కోడ్‌తో విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్‌లకు స్క్రీన్లు తయారుచేసే లైబ్రరీల చుట్టూ ముప్ఫై ఏళ్ళుగా నడుస్తున్న చర్చంతా దీని మీదే. తయారైన యాప్ ఆ సిస్టమ్‌లోనే పుట్టి పెరిగినట్టు ఉండాలి. దీన్నే 'నేటివ్ లుక్ అండ్ ఫీల్' అంటారు. ఆ పేరులో ఉన్నవి రెండు వేర్వేరు విషయాలు. లుక్ కంటికి సంబంధించింది, ఫీల్ చేతికి సంబంధించింది. వేరే జిల్లాల నుంచి విశాఖ వచ్చి స్థిరపడినవాళ్ళ మాట విన్నా ఈ తేడా తెలుస్తుంది. వారం తిరక్కుండానే "ఏటి" అనడం వచ్చేస్తుంది. కానీ "వచ్చేశారు" అనాల్సిన చోట ఆలోచించకుండా "వచ్చీసారు" అని నోటికి రావడానికి, ఆ సాగతీత సరైన చోట పడడానికి ఏళ్ళు పడుతుంది. అప్పటిదాకా రెండో వాక్యానికే స్థానికులు గుర్తుపట్టేస్తారు. టూల్‌కిట్‌లదీ ఇదే పరిస్థితి. "ఏటి" దాకా అన్నీ బాగానే వస్తాయి. "వచ్చీసారు" దగ్గరే తడబడతాయి.

విశాఖలో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకు ఈ విషయం దూరపు సంగతి కాదు. రుషికొండ ఐటీ హిల్స్ మీది పెద్ద ఆఫీసులను అలా ఉంచితే, ద్వారకానగర్, సిరిపురం లాంటి చోట్ల ఐదారుగురితో నడిచే చిన్న యూనిట్ల దగ్గరికి వచ్చేది మందుల షాపు యజమాని, పోర్టు పనులు చూసే క్లియరింగ్ ఏజెంటు, గాజువాకలో వర్క్‌షాపు నడిపే మనిషి, ఫిషింగ్ హార్బర్‌లో చేపల వ్యాపారి. కౌంటర్ మీద పాత విండోస్ మెషీన్ ఉంటుంది. ఓనర్ చేతిలో ఐఫోన్, బయట తిరిగే కుర్రాళ్ళ దగ్గర ఆండ్రాయిడ్, లెక్కలు చూసే ఆడిటర్ దగ్గర మ్యాక్ ఉంటాయి. ఒకే పనిని నాలుగుసార్లు రాయడానికి ఎవరూ డబ్బులివ్వరు. ఒకే కోడ్‌తో నడిపించడం తప్ప గత్యంతరం లేదు. అందులో ఎక్కడ సర్దుకోవచ్చు, ఎక్కడ సర్దుకోకూడదు అన్నది తేల్చుకోవాలి.

లైబ్రరీలు నడిచిన దారుల్లో మొదటిది సూటిగా ఉంటుంది. బటన్ కావాలంటే సిస్టమ్‌ను అడిగి దాని సొంత బటన్‌నే తెచ్చుకోవడం. 1992లో ఎడిన్‌బరో యూనివర్సిటీలో జూలియన్ స్మార్ట్ మొదలుపెట్టిన డబ్ల్యూఎక్స్‌విండోస్ ఇలాంటిదే. 2004లో దాని పేరు డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్‌గా మారింది. జావా ప్రోగ్రామింగ్ భాష మొదటి రోజుల్లో వచ్చిన ఏడబ్ల్యూటీ కూడా ఇదే పద్ధతి పట్టుకుంది. దానికి ఎదురైన ఇబ్బంది ఏమిటంటే, అన్ని సిస్టమ్‌లలోనూ ఉన్నవాటినే అది ఇవ్వగలదు. బటన్, చెక్‌బాక్స్, మామూలు లిస్టు, టెక్స్ట్ పెట్టె ఉన్నాయి. పట్టిక లేదు, కొమ్మలుగా విచ్చుకునే లిస్టు (ట్రీ) లేదు. నలుగురు అన్నదమ్ములకూ పడే కూరే వండాలంటే చివరికి పప్పు ఒక్కటే మిగిలినట్టయింది.

2001లో ఎక్లిప్స్ అనే కోడ్ రాసే ప్రోగ్రాముతో పాటు ఐబీఎం జావా కోసం తెచ్చిన ఎస్‌డబ్ల్యూటీ ఈ చిక్కును కొంత తెలివిగా దాటింది. సిస్టమ్‌లో ఉన్నదాన్ని వాడుకుంది, లేనిదాన్ని తానే గీసుకుంది. ఎక్లిప్స్ అప్పట్లో మిగతా జావా ప్రోగ్రాముల కంటే విండోస్‌కి దగ్గరగా అనిపించడానికి కారణం అదే. కానీ సిస్టమ్ వస్తువును వాడుకుంటే సిస్టమ్ పెట్టే షరతులకూ లోబడాలి. విండోస్‌లో ఒక ప్రోగ్రాముకు మామూలుగా పదివేలకు మించి విండో వస్తువులు దొరకవు. పెద్ద పట్టికలో గడి గడికీ ఒక టెక్స్ట్ పెట్టె పెడితే ఆ హద్దు ఎంతో దూరంలో ఉండదు. ఫాంట్లు, బొమ్మలు లాంటివి వాడాక డెవలపరే గుర్తుపెట్టుకుని వదిలెయ్యాలి. మరిచిపోతే మధ్యాహ్నానికి ప్రోగ్రాము మొరాయిస్తుంది.

రెండో దారి, అన్నీ తామే గీసుకోవడం. 1998లో జావా 1.2తో వచ్చిన స్వింగ్ ఇలా చేసింది. అది గీసే మెటల్ అనే రూపు ఏ సిస్టమ్‌కీ చెందినది కాదు. కావాలంటే విండోస్ వేషం వేసుకునే వీలు కూడా ఇచ్చారు. అయితే 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చి బటన్ల రూపు మొత్తం మార్చేసింది. స్వింగ్ మాత్రం పాత విండోస్ వేషంలోనే ఉండిపోయింది. ఎక్స్‌పీ రూపు దానికి 2003లో జావా 1.4.2తో గానీ రాలేదు. అంతవరకూ ఎక్స్‌పీ మెషీన్ మీద స్వింగ్ ప్రోగ్రాము తెరిస్తే, ఆ విండో ఒక్కటే వెనకటి కాలంలో ఆగిపోయినట్టు ఉండేది. అనుకరణతో ఎప్పుడూ ఉండే బాధ ఇది. అసలుది మారిన ప్రతిసారీ నకలును చేత్తో మళ్ళీ గీయాలి.

నార్వేలో హావార్డ్ నోర్డ్, ఐరిక్ చాంబె-ఎంగ్ 1991లో మొదలుపెట్టి 1995లో బయటకు తెచ్చిన క్యూటీ కాలక్రమంలో ఒక మధ్యే మార్గానికి చేరింది. బటన్ ప్రవర్తన అంతా తన చేతిలో ఉంచుకుంటుంది. బొమ్మ గీయాల్సి వచ్చినప్పుడు మాత్రం సిస్టమ్ థీమ్‌ను పిలిచి, "ఇదిగో ఇక్కడ, ఇంత సైజులో, నొక్కి ఉన్న బటన్ గీసిపెట్టు" అంటుంది. సిస్టమ్ రూపు మారితే బొమ్మ దానంతటదే మారుతుంది. బాగా ఆలోచించిన ఏర్పాటు ఇది. కానీ థీమ్ ఇచ్చేది బొమ్మ మాత్రమే, కదలిక కాదు. విండోస్ విస్టాలో డైలాగ్‌లోని ముఖ్యమైన బటన్ నెమ్మదిగా వెలుగుతూ ఆరుతూ ఉండేది. థీమ్‌ను అడిగితే వెలిగిన బొమ్మ ఒకటి, ఆరిన బొమ్మ ఒకటి దొరుకుతాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి మెత్తగా మార్చే పనిని టూల్‌కిట్ రాసేవాళ్ళే చేసుకోవాలి. అది చెయ్యకపోతే బటన్ నిశ్చలంగా ఉండిపోతుంది. చూసేవాళ్ళకు ఏదో తేడాగా అనిపిస్తుంది గానీ ఏమిటో తెలియదు.

మూడో దారి, సిస్టమ్ రూపు సంగతి పక్కనపెట్టి తన రూపుతోనే రావడం, ఈమధ్య బాగా పెరిగింది. 2018 డిసెంబరులో 1.0 వెర్షన్‌గా వచ్చిన ఫ్లట్టర్ ప్రతి పిక్సెల్‌నూ తానే గీస్తుంది. 2013లో ఆటమ్ ఎడిటర్ కోసం పుట్టిన ఎలక్ట్రాన్ ఏకంగా క్రోమ్‌కి మూలమైన క్రోమియం బ్రౌజర్‌నే లోపల పెట్టుకుని వస్తుంది. ఇంకోవైపు 2015లో వచ్చిన రియాక్ట్ నేటివ్ మాత్రం మొదటి దారికే మళ్ళీ వెళ్ళి, ఫోన్‌లోని అసలు కంట్రోల్‌లనే వాడుకుంది. ఎలక్ట్రాన్ మీద నడిచే వీఎస్ కోడ్ అనే ఎడిటర్ ఏ సిస్టమ్ రూపులోనూ ఉండదు, అయినా డెవలపర్లు దాన్ని రోజంతా వాడతారు. అది విండోస్ ప్రోగ్రామునని గానీ, మ్యాక్ ప్రోగ్రామునని గానీ చెప్పుకోదు. తన రూపు తనది. కీబోర్డు షార్ట్‌కట్లు మాత్రం మ్యాక్‌లో మ్యాక్‌వి, విండోస్‌లో విండోస్‌వి. ఇక్కడ గమనించాల్సింది అదే. రూపు తేడాగా ఉంటే మనుషులు రెండు రోజుల్లో అలవాటుపడతారు. చేతి అలవాటును చెడగొడితే క్షమించరు. అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది సగం నకలు. కంటికి అచ్చం విండోస్ బటన్‌లా కనిపించి, చేతికి వేరేలా తగిలేది. అలా కనిపించడమంటే మాటివ్వడం లాంటిది. ఆ మాట తప్పితే మనిషి తడబడతాడు.

చేతి అలవాటు ఎంత దూరం వెళ్తుందో ఒక చిన్న డైలాగ్‌లో చూడవచ్చు. ఫైలు సేవ్ చెయ్యకుండా మూస్తే మూడు బటన్లు వస్తాయి. విండోస్‌లో ఎడమ నుంచి కుడికి సేవ్, డోంట్ సేవ్, క్యాన్సిల్. మ్యాక్ సంప్రదాయంలో డోంట్ సేవ్ ఎడమ చివర, మధ్యలో క్యాన్సిల్, కుడి చివర సేవ్. లినక్స్‌లో వాడే డెస్క్‌టాప్‌లలో గ్నోమ్ మ్యాక్ వైపు మొగ్గుతుంది, కేడీఈ విండోస్ వైపు. మ్యాక్ మీద పనిచేసే డెవలపర్ తన అలవాటు ప్రకారం బటన్లను అలాగే పేర్చి విండోస్‌కి పంపాడనుకుందాం. విండోస్ మనిషి చెయ్యి ఎడమ చివరి బటన్ మీదకు వెళ్తుంది, అక్కడ సేవ్ ఉంటుందని. కానీ ఇప్పుడు అక్కడ ఉన్నది డోంట్ సేవ్. ఒక్క క్లిక్‌తో సాయంత్రం దాకా చేసిన పని పోతుంది. బటన్ మీద పేరు స్పష్టంగానే రాసి ఉంది కదా అనడం సరికాదు. వెయ్యిసార్లు నొక్కిన బటన్ పేరును ఎవరూ చదవరు. అందుకే క్యూటీలోనూ, డబ్ల్యూఎక్స్‌విడ్జెట్స్‌లోనూ డైలాగ్ బటన్లకు ప్రత్యేకమైన పెట్టె ఉంది. ఏ బటన్ ఏ పని చేస్తుందో చెబితే చాలు, వరుస సంగతి ఏ సిస్టమ్‌కి తగ్గట్టు ఆ సిస్టమ్‌లో అదే చూసుకుంటుంది. దాన్ని వాడకుండా చేత్తో బటన్లు పేర్చడం కొని తెచ్చుకునే ప్రమాదం.

మెనూలదీ ఇలాంటి కథే. మ్యాక్‌లో మెనూ విండోలో ఉండదు, స్క్రీన్ పైభాగాన ఉంటుంది. సెట్టింగ్స్ యాప్ పేరు కింద ఉంటాయి, కమాండ్‌తో కామా నొక్కితే తెరుచుకుంటాయి. విండోస్‌లో అవి టూల్స్‌లోనో, ఫైల్‌లోనో ఉంటాయి. క్యూటీ మ్యాక్ మీద ఈ మార్పు తనే చెయ్యాలని చూస్తుంది. మెనూ ఐటమ్ పేరులో ప్రిఫరెన్సెస్, సెట్టింగ్స్, అబౌట్, క్విట్ లాంటి ఇంగ్లీషు మాట కనిపిస్తే దాన్ని యాప్ మెనూలోకి జరుపుతుంది. తెలుగులో మెనూలు పెట్టేవాళ్ళు ఇలాంటి అంచనాల మీద ఆధారపడకుండా, ప్రతి ఐటమ్‌కీ దాని పాత్ర ఏమిటో కోడ్‌లో స్పష్టంగా రాయడం మంచిది. అందుకు వీలుంది కూడా. చాలామంది ఆ వీలును పట్టించుకోరు.

ఫైలు తెరిచే డైలాగ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సిస్టమ్‌దే వాడాలి. అందులో మనిషి పిన్ చేసుకున్న ఫోల్డర్లు, నెట్‌వర్క్ డ్రైవ్‌లు, ఇటీవల తెరిచిన చోట్లు ఉంటాయి. స్వింగ్ సొంతంగా గీసిన ఫైల్ చూజర్‌లో తన ఫోల్డర్ కోసం వెతుక్కున్నవాళ్ళకు ఇంకో ఉదాహరణ అవసరం లేదు.

ఫోన్ల మీద చేతి అలవాటు మరీ సున్నితమైంది. ఐఫోన్‌లో లిస్టు చివరికి వచ్చాక ఇంకా లాగితే రబ్బరులా సాగి వెనక్కి వస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఒకప్పుడు అంచున వెలుగులా కనిపించేది, 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి లిస్టులోని వస్తువులే కాస్త సాగుతాయి. వేలితో విసిరిన లిస్టు ఎంత దూరం వెళ్ళి ఆగాలన్న లెక్క కూడా రెండింటిలో వేర్వేరు. ఫ్లట్టర్ ఈ రెండు నడతలనూ విడివిడిగా రాసుకుంది, శ్రద్ధగానే రాసుకుంది. అదంతా వేరే కంపెనీ వస్తువును దగ్గరుండి చూసి, కొలిచి, మళ్ళీ రాసిన పని. ఎంత శ్రమో దాన్నిబట్టి తెలుస్తుంది.

ఇక తెలుగు. ఈ చర్చలో ఇంగ్లీషువాళ్ళకు తట్టనిదీ, తెలుగువాళ్ళు తప్పించుకోలేనిదీ ఇదే. టెక్స్ట్ పెట్టె అనేది స్క్రీన్ మీద అన్నిటికంటే సాదాగా కనిపించే వస్తువు. ఒక దీర్ఘచతురస్రం, లోపల మెరిసే కర్సర్. అన్నిటికంటే కష్టమైనదీ అదే.

అందులో 'విశాఖపట్నం' అని కొట్టి చూద్దాం. చదివేవాళ్ళకు కనిపించే అక్షరాలు ఐదు: వి, శా, ఖ, ప, ట్నం. కంప్యూటర్ లోపల మాత్రం అది పది యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే ప్రమాణం) గుర్తుల వరుస. వ, దాని గుడి, శ, దాని దీర్ఘం, ఖ, ప, ట, పొల్లు, న, సున్నా. ఇప్పుడు కర్సర్‌ను మాట మొదట్లో పెట్టి కుడి బాణం నొక్కుతూ పోతే ఎన్ని నొక్కులకు చివరికి చేరాలి? తెలుగు మనిషి ఐదు అంటాడు. టూల్‌కిట్ రాసినవాళ్ళు ఏమీ ఆలోచించకపోతే పది అవుతుంది. అప్పుడు కొన్ని నొక్కులకు కర్సర్ కదిలినట్టే కనిపించదు. యూనికోడ్ పాత నియమాన్ని పాటిస్తే ఆరు. ఎందుకంటే ఆ నియమం 'ట్' దగ్గర ఒక ముక్క, 'నం' దగ్గర ఇంకో ముక్క అని విడగొట్టేది. అంటే కర్సర్ ఒత్తు మధ్యలో ఆగేది. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో కొత్త నియమం చేర్చాక 'ట్నం' ఒకే అక్షరమైంది. ఆ నియమం తెలుగుతో పాటు హిందీ రాసే దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, మలయాళం, ఒడియా లిపులకూ వర్తిస్తుంది. అంటే ఇప్పుడు ఒకే మెషీన్ మీద రెండు ప్రోగ్రాములు, ఒకటి కొత్త నియమంతో, ఇంకోటి పాత నియమంతో ఉంటే, ఒకే మాటలో కర్సర్ రెండు రకాలుగా నడుస్తుంది.

బ్యాక్‌స్పేస్ సంగతి ఇంకా సూక్ష్మం. డెస్క్‌టాప్‌లో సాధారణంగా అది అక్షరాన్ని మొత్తం చెరపదు, ఒక్కో గుర్తునూ వెనక నుంచి తీసేస్తుంది. సున్నా పోతుంది, తర్వాత న పోతుంది, తర్వాత పొల్లు. తెలుగు టైపు చేసేవాళ్ళకు ఇదే కావాలి. ఒత్తు తప్పు పడితే అక్షరం మొత్తం మళ్ళీ కొట్టాల్సిన పని ఉండదు. డిలీట్ కీ మాత్రం ముందున్న అక్షరాన్ని మొత్తంగా తీసెయ్యాలి, లేకపోతే ఒత్తులు విడిపోయి వేలాడతాయి. ఈ తేడా తెలియని టూల్‌కిట్ రెండు కీలకూ ఒకే నడత పెడుతుంది.

అక్షరాలను కొట్టే పద్ధతి కూడా టూల్‌కిట్‌తో నేరుగా ముడిపడి ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అయితే నొక్కిన కీ నేరుగా అక్షరమవుతుంది, పెద్ద చిక్కు లేదు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెచ్చుకునే కీబోర్డుల్లో మాట పూర్తయ్యేదాకా తాత్కాలికంగా, కింద గీతతో కనిపిస్తుంది. పక్కన సూచనల పెట్టె తెరుచుకుంటుంది. స్పేస్ కొట్టాక మాట ఖాయమవుతుంది. సిస్టమ్ సొంత టెక్స్ట్ పెట్టెకు ఈ మాటామంతీ అంతా పుట్టుకతో వచ్చు. సొంతంగా గీసుకున్న పెట్టె ప్రతి సిస్టమ్‌లోనూ ఆ భాష విడిగా నేర్చుకోవాలి. నేర్చుకోని చోట సూచనల పెట్టె కర్సర్ దగ్గర కాకుండా స్క్రీన్ మూలన తెరుచుకుంటుంది, లేదా కొట్టిన మాట రెండుసార్లు పడుతుంది. ఇంగ్లీషులో మాత్రమే పరీక్షించే టీముకి ఇది ఎప్పటికీ కనబడదు.

ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కలిసి కనిపించడం అనే సమస్య మాత్రం చాలావరకు తీరింది. హార్ఫ్‌బజ్ అనే ఉచిత ఇంజిన్‌కి ఈ విషయంలో తెలుగువాళ్ళు రుణపడి ఉండాలి. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, క్యూటీ, ఫ్లట్టర్ దాన్నే వాడతాయి. జావా కూడా తొమ్మిదో వెర్షన్ నుంచి దానికి మారింది. మిగిలింది ఎత్తు సమస్య. 'స్త్రీ' అన్న మాట పైన గుడిదీర్ఘంతో, కింద ఒత్తులతో ఇంగ్లీషు అక్షరం కంటే చాలా ఎక్కువ ఎత్తు తీసుకుంటుంది. బటన్ ఎత్తును ఇన్ని పిక్సెళ్ళు అని ఇంగ్లీషు కొలతతో బిగించేస్తే కింది ఒత్తు తెగిపోతుంది. డ్రాప్‌డౌన్‌లో 'పురుషుడు' బాగానే ఉండి, దాని కింద 'స్త్రీ' సగం నరికినట్టు కనిపిస్తుంది. ఫాంట్ కూడా ఒక్కో సిస్టమ్‌లో ఒక్కోటి. విండోస్‌లో ఎక్స్‌పీ కాలం నుంచి గౌతమి, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ. ఆండ్రాయిడ్‌లో నోటో. వీటిలో ఒకదాని కొలత ఇంకోదానికి సరిపోదు. కాబట్టి ఎత్తును అంకెల్లో రాయకూడదు, అక్షరాలను కొలిచి నిర్ణయించే లేఅవుట్ వాడాలి.

సిస్టమ్‌దే వాడాలన్న వాదనకు ఎదురు ఉదాహరణ కూడా తెలుగు నుంచే వచ్చింది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న తెలుగు అక్షరం, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తుతో కలిసి వస్తే, ఐఫోన్‌లో దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. ఐఓఎస్ 11.2.5లో జరిగిన ఆ గొడవ ప్రపంచమంతా వార్త అయింది. తప్పు యాప్‌లది కాదు, వాటన్నిటికీ అక్షరాలు గీసిపెట్టే ఆపిల్ టెక్స్ట్ ఇంజిన్‌ది. సిస్టమ్‌ను నమ్ముకున్నందుకు ఆ యాప్‌లు పడిపోయాయి. కానీ తర్వాత జరిగింది కూడా చూడాలి. అదే నెలలో ఐఓఎస్ 11.2.6 వచ్చింది, ఒక్క అప్‌డేట్‌తో ఆ ఇంజిన్‌ను వాడే యాప్‌లన్నీ బాగుపడ్డాయి. ఎవరి యాప్‌లో వాళ్ళు సొంత ఇంజిన్ పెట్టుకుని అదే తప్పు చేసి ఉంటే, ప్రతి ఒక్కరూ విడిగా సరిచేసి, విడిగా పంపించాల్సి వచ్చేది. తెలుగు కోసం అంత తొందరపడే కంపెనీలు ఎన్ని ఉంటాయి?

చూపులేనివాళ్ళ విషయానికి వస్తే ఇక్కడ సర్దుబాటుకు తావే లేదు. ద్వారకానగర్‌లో బ్యాంకు పరీక్షలకు చదువుకునే చూపులేని విద్యార్థికి బటన్ రూపుతో పని లేదు. ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ చదివి వినిపించేదే ఆ విద్యార్థికి స్క్రీన్. ఆ స్క్రీన్ రీడర్ పిక్సెళ్ళను చూడదు, "ఇది బటన్, దీని పేరు ఇది, ఇప్పుడు దీని స్థితి ఇది" అని సిస్టమ్ ద్వారా యాప్‌ను అడుగుతుంది. సిస్టమ్ బటన్ ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలదు. గీసిన బటన్ వట్టి బొమ్మ, దాని తరఫున టూల్‌కిట్ జవాబు చెప్పాలి. అందుకోసం విండోస్‌లో యూఐ ఆటోమేషన్‌తో, మ్యాక్‌లో ఇంకో పద్ధతితో, లినక్స్‌లో మరో పద్ధతితో మాట్లాడాలి. ఫ్లట్టర్ తెర వెనుక ఏది బటన్, దాని పేరేమిటి అని చెప్పే అర్థాల చెట్టు ఒకటి విడిగా కడుతుంది. క్యూటీ కూడా ఈ పని చేస్తుంది. టూల్‌కిట్‌తో వచ్చిన బటన్ వాడినంతసేపూ ఫరవాలేదు. డెవలపర్ సొంతంగా కాన్వాస్ మీద అందమైన బటన్ గీసి, దానికి పేరు, పాత్ర చెప్పకుండా వదిలేస్తే ఆ బటన్ ఆ విద్యార్థికి లేనట్టే. విశాఖలో ప్రజలు వాడే ఏ యాప్ విషయంలోనైనా ఇది తర్వాత చూసుకుందాం అనే పని కాదు.

ఇన్ని చెప్పాక, అసలు 'నేటివ్' అనేది ఒక్కటేనా అన్న ప్రశ్న ఉంది. విండోస్‌లోనే కంట్రోల్ ప్యానెల్ ఒక తరం రూపులో, సెట్టింగ్స్ ఇంకో తరం రూపులో ఉంటాయి. 2021లో విండోస్ 11 మూలలను గుండ్రం చేసింది. 2025లో ఆపిల్ లిక్విడ్ గ్లాస్ అంటూ ఐఫోన్ నుంచి మ్యాక్ దాకా గాజు రూపు తెచ్చింది. ఆపిల్ సొంత కంట్రోల్‌లు వాడిన యాప్‌లకు కొత్త టూల్స్‌తో మళ్ళీ బిల్డ్ చేస్తే ఆ రూపు చాలావరకు దానంతటదే వచ్చింది, గీసుకున్నవాటికి రాలేదు. లినక్స్‌లో గ్నోమ్‌కి ఇమిడితే కేడీఈలో తేడాగా ఉంటుంది. రూపు ఇలా మారుతూనే ఉంటుంది. కానీ ట్యాబ్ నొక్కితే తర్వాతి పెట్టెకు వెళ్ళడం, ఎస్కేప్‌తో డైలాగ్ మూసుకోవడం, మ్యాక్‌లో ఆప్షన్‌తో బాణం నొక్కితే మాట మాట దాటడం దశాబ్దాలుగా మారలేదు. ఎప్పుడూ మారే దాని వెంట పరుగెత్తి, మారని దాన్ని వదిలెయ్యడం ఖర్చు పరంగా కూడా తెలివైన పని కాదు.

అందువల్ల చిన్న టీము రంగులు, మూలలు, నీడలు తన ఇష్టప్రకారం పెట్టుకోవచ్చు. ఏ సిస్టమ్ రూపునూ అనుకరించకుండా, శుభ్రంగా తనదైన రూపు పెట్టుకుంటే ఇంకా మంచిది. టెక్స్ట్ కొట్టే పెట్టె, ఫైలు డైలాగ్, మెనూ, కాపీ పేస్ట్, డైలాగ్ బటన్ల వరుస, స్క్రీన్ రీడర్‌కి చెప్పే వివరాలు మాత్రం సిస్టమ్ చేతిలో పెట్టాలి, లేదా సిస్టమ్‌తో ఆ పని సరిగ్గా మాట్లాడగల టూల్‌కిట్‌నే ఎంచుకోవాలి. ఎంచుకునే ముందు డెమోల్లోని యానిమేషన్లు చూసి మురిసిపోకుండా, ఒక ఖాళీ టెక్స్ట్ పెట్టె, ఒక లిస్టు, ఒక డైలాగ్ ఉన్న చిన్న యాప్ కట్టి, మౌస్ పీకేసి వాడి చూడాలి. 'విశాఖపట్నం' కొట్టి బాణాలతో నడవాలి, వెనక నుంచి చెరపాలి. డ్రాప్‌డౌన్‌లో 'స్త్రీ' పెట్టి సిస్టమ్ అక్షరాల సైజు నూటయాభై శాతానికి పెంచాలి. విండోస్‌తో పాటు వచ్చే స్క్రీన్ రీడర్ నేరేటర్‌ను ఆన్ చేసి, కళ్ళు మూసుకుని ఒక బిల్లు కొట్టాలి. మొత్తం కలిపి ఒక పూట పని.

ఈ పనులకు పట్టే సమయాన్ని కొటేషన్‌లోనే విడిగా చూపించడం అవసరం. కస్టమర్‌కి ఇచ్చే కాగితంలో స్క్రీన్ల సంఖ్య, రిపోర్టుల సంఖ్య రాసినట్టే, కీబోర్డు నడత, తెలుగు టైపింగ్, స్క్రీన్ రీడర్ అని మూడు వరుసలు వేసి, ఒక్కోదానికి ఇన్ని రోజులని లెక్క చెప్పాలి. "ఇదెందుకు?" అని ఓనర్ అడిగితే, ఆయన కౌంటర్ దగ్గరికే తీసుకెళ్ళి పాత సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్4 నొక్కి చూపించవచ్చు. ఆ రోజులు కాగితం మీద లేకపోతే అవి ఎక్కడికీ పోవు, డెలివరీకి ముందు వారంలో ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఆ టెన్షన్‌లో ముందుగా పక్కన పడేసేది తెలుగు టైపింగ్‌నూ, స్క్రీన్ రీడర్‌నే.